పిలవని పేరంటం

ప్రత్యామ్నాయ కళల పండుగలకు వెళ్లివచ్చిన స్త్రీలు రాసే యాత్రాకథనాలు ఈమధ్య వరసగా చదివాను. ఎడిన్‌బరో ఫ్రింజ్, నెవడా ఎడారిలో బర్నింగ్ మ్యాన్, ఇంకా ఎన్నో. అన్నిట్లోనూ ఒకటే మాట: అక్కడ హద్దుల్లేవు, అక్కడ నేను నేనుగా ఉన్నాను. ఈ మాటతోనే నా పేచీ. హద్దుల్లేవని చెప్పేది ఎప్పుడూ హద్దు దాటి లోపలికి వెళ్లగలిగిన వాళ్లే. గేటు బయట ఆగిపోయిన వాళ్లు యాత్రాకథనం రాయరు కదా!

1947లో ఎడిన్‌బరో ఉత్సవానికి ఎనిమిది నాటక బృందాలు పిలుపు లేకుండానే వచ్చి, దొరికిన చోట ఆడుకున్నాయి. ఫ్రింజ్ పుట్టుక అది. అచ్చంగా పిలవని పేరంటం. ఈరోజు మన దగ్గర్నుంచి ఓ అమ్మాయి అలా వెళ్లగలదా? బ్యాంకు ఖాతా చూపించాలి, ఉద్యోగ పత్రం చూపించాలి. (ఒకసారి ఓ కాన్సులేటు కిటికీ ముందు పెళ్లి కాలేదని, ఉద్యోగం కాంట్రాక్టుదని చెప్పి రెండు నిమిషాల్లో వెనక్కి తిరిగొచ్చినదాన్ని నేను.) ఆగస్టులో ఆ ఊళ్లో గది అద్దెలు భరించలేక అక్కడి నటులే మొత్తుకుంటున్నారు.

డబ్బు గోడ, వీసా గోడ మనకి తెలిసినవే. వాటిని తిట్టడం తేలిక. నాకు మింగుడుపడనిది మన చేతుల్తో మనం కట్టిన గోడ.

మిషిగన్ విమిన్స్ మ్యూజిక్ ఫెస్టివల్ 1976లో మొదలై 2015 ఆగస్టులో ముగిసింది. స్త్రీవాద సదస్సుల్లో దాని పేరు ఇప్పటికీ పుట్టింటి పేరంత ఇష్టంగా పలుకుతాం. 'విమిన్' అనే ఇంగ్లీషు మాటలో పురుషుడు కనబడకూడదని స్పెల్లింగే మార్చుకున్నారు వాళ్లు. 650 ఎకరాల అడవిలో వేదిక కట్టిన వడ్రంగులు స్త్రీలు. కరెంటు తీగలు లాగింది, సౌండు చూసింది, వేలమందికి వండింది స్త్రీలు. వచ్చినవాళ్లంతా పని వంతులు పంచుకోవాలి. చెవులు వినబడని వాళ్లకి పాటని సంజ్ఞల్లో చెప్పేవాళ్లు వేదిక మీదే ఉండేవారు. అర్ధరాత్రి అడవిలో ఒంటరిగా, భయం లేకుండా నడవడం ఎలా ఉంటుందో మొదటిసారి అక్కడే తెలిసిందని ఎంతోమంది రాసుకున్నారు. రాత్రి ఎనిమిది దాటితే బస్‌స్టాపులో బ్యాగు గుండెకి హత్తుకుని నిలబడే మనకి ఆ మాట విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. దాన్ని నేను ఎగతాళి చెయ్యను.

కానీ 1991లో అదే అడవిలోంచి నాన్సీ బర్క్‌హోల్డర్ అనే ట్రాన్స్ స్త్రీని బయటికి పంపించారు. పుట్టుకతో స్త్రీలైన వాళ్లకే ఇది అన్నారు. తర్వాత రోడ్డుకి అవతల 'క్యాంప్ ట్రాన్స్' పేరుతో నిరసన శిబిరం వెలిసింది. 'స్టోన్ బుచ్ బ్లూస్' నవల రాసిన లెస్లీ ఫైన్‌బర్గ్ అక్కడికి వచ్చింది. 2013లో ఇండిగో గర్ల్స్ ఈ విధానం మారేదాకా మళ్లీ పాడమని ప్రకటించారు. పండుగ ఆగిపోయింది గానీ విధానం మారలేదు.

మగవాడి హింస చవిచూసిన స్త్రీకి మగవాడు లేని చోటు అక్కర్లేదా అని నన్ను చాలామంది అడిగారు. అక్కరే. ఆ అక్కర ట్రాన్స్ స్త్రీకి ఎందుకుండదు? మన వీధుల్లో, పోలీస్ స్టేషన్లలో వాళ్ల మీద పడే చెయ్యి ఎవరిది? పుట్టుకని బట్టి అర్హత నిర్ణయించే పద్ధతి మనువుకి తెలిసినంత బాగా ఇంకెవరికి తెలుసు! దాన్ని స్త్రీవాదం అరువు తెచ్చుకోవడం నాకు సిగ్గుగా ఉంది.

ఇది అమెరికా గొడవ, మనకెందుకని తప్పుకోడానికి లేదు. 'స్త్రీ' అంటే ఏ స్త్రీ అని మనల్ని ఇంతకుముందే నిలదీశారు. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో 'నల్లపొద్దు' వచ్చినప్పుడు, దళిత స్త్రీలు ఎప్పట్నుంచో రాస్తూనే ఉన్నారని, మనకే కనబడలేదని తేలింది. అప్పుడు కూడా కొందరు అన్నారు, ఇలా విడగొడితే ఉద్యమం ఏమైపోతుందని. ఏమీ కాలేదు. సాహిత్యం పెరిగింది.

రెండేళ్ల కిందట మా ఊళ్లో రచయిత్రుల సమావేశం జరిగింది. ఆహ్వానపత్రం మీద 'స్త్రీలకు మాత్రమే' అని ఉంది. నా దగ్గర చదువుకున్న ఓ ట్రాన్స్ అమ్మాయి ఫోన్ చేసి, "మేడమ్, నేను రావచ్చా?" అని అడిగింది. కవిత్వం బాగా రాస్తుంది. 2014లోనే సుప్రీంకోర్టు ఎవరి జెండర్ వాళ్లే చెప్పుకోవచ్చని తీర్పిచ్చిందని క్లాసులో పాఠం చెప్పింది నేనే. అయినా నా నోట్లోంచి వచ్చిన మాట, "అడిగి చెప్తానమ్మా." ఎవర్నీ అడగలేదు. తను రాలేదు. ఆరోజు నేను చదివిన వ్యాసం ప్రపంచ స్త్రీవాద ఉత్సవాల గురించే. చప్పట్లు బాగానే కొట్టారు.

వచ్చే సమావేశానికి ఆహ్వానం రాసే బాధ్యత నాకే ఇచ్చారు. 'ట్రాన్స్ స్త్రీలతో సహా' అన్న మూడు మాటలు చేర్చి పంపించాను. సంఘంలో ఇద్దరు పెద్దవాళ్లు అభ్యంతరం చెప్పారు, ఒకావిడ రానంది. పత్రం ఇంకా అచ్చుకి వెళ్లలేదు. ఆ మూడు మాటలూ తీసేస్తే ఆ పత్రం కింద నా పేరు కూడా తీసెయ్యమని చెప్పాను.