బంధువు గిర్నీకి పెట్టుబడి: సొమ్ము యంత్రానికా, నిల్వకా?

రుద్రంగి: గల్ఫ్ నుంచి తిరిగివచ్చిన మేనల్లుడో, ఉద్యోగం దొరకని బావమరిదో పసుపు, కారం పొడుల గిర్నీ పెడతానని, కొంత సొమ్ము సర్దమని అడగడం కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల వర్తకులకు కొత్త కాదు. కాదంటే చుట్టరికం చెడుతుంది. ఔనంటే సొమ్ము చిక్కుపడుతుందని శంక. ఇటువంటప్పుడు చాలామంది యంత్రం ఖరీదు, షెడ్డు, కరెంటు లెక్కలే చూస్తారు. అసలు చూడవలసింది సరుకు నిల్వ.

ఈ ప్రాంతంలో పసుపుపొడి వ్యాపారానికి అనుకూలత లేకపోలేదు. మెట్‌పల్లి, నిజామాబాద్ యార్డులు అందుబాటులో ఉన్నాయి. కాడి, గోళ తేడా తెలిసినవారు ఇంట్లోనే ఉంటారు. 2025 జనవరిలో నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైంది. అయితే బోర్డు వచ్చినంత మాత్రాన ప్యాకెట్లు అమ్ముడుపోవు.

రాబడులు ముమ్మరంగా ఉండే ఫిబ్రవరి-ఏప్రిల్ నెలల్లో ఏడాదికి సరిపడా సరుకు కొని ఉంచాలన్న ఆశ సహజం. ప్రమాదం అక్కడే. పసుపు ధర 2010లో క్వింటాలుకు రూ. 15,000 దాటింది, 2012 ఆరంభానికి రూ. 4,000 దరిదాపులకు పడిపోయింది. 2024లో మళ్లీ రూ. 15,000 పైకి ఎగబాకింది. రూ. 15,000 చొప్పున 100 క్వింటాళ్లు కొంటే 15 లక్షలు. నూటికి నెలకు రూపాయి వడ్డీ వేసినా, ఆరు నెలలకు రూ. 90,000, అంటే కిలోకు 9 రూపాయలు. ఇక ధర రూ. 4,000కు దిగితే 11 లక్షలు హరించుకుపోతాయి. గిర్నీ ఎంత బాగా నడిచినా ఈ నష్టం పూడదు. అది పొడి వ్యాపారం కాదు, పసుపు మీద పందెం. ఆ పందెం కాయదలచిన వర్తకుడు తన పేరుతోనే కాయవచ్చు, మేనల్లుడి గిర్నీ అక్కరలేదు.

సబ్సిడీ ఉందికదా అనే ధీమా కూడా తగదు. 2020లో కేంద్రం ప్రవేశపెట్టిన సూక్ష్మ ఆహారశుద్ధి సంస్థల పథకంలో వ్యయంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు సబ్సిడీగా నిర్ణయించారు. కాని అది చేతికిచ్చే నగదు కాదు. బ్యాంకులోనే ఉండి, మూడేళ్ల తర్వాత అప్పు సక్రమంగా ఉండి, యూనిట్ నడుస్తుంటేనే జమ అయ్యే ఏర్పాటు.

కాబట్టి కొత్త గిర్నీ మొదట కూలికి పట్టడంతో ప్రారంభించడం మేలు. సొంత పొడికి నెలకు సరిపడా సరుకే కొనాలి. కిరాణం దుకాణాల్లో పేరుపడ్డ బ్రాండ్ల పక్కన కొత్త ప్యాకెట్ నిలవాలంటే ఉద్దెర ఇవ్వక తప్పదు. ఆ బాకీలు ఎన్నాళ్లకు వసూలవుతున్నాయో ఆరు నెలలు చూసిన తర్వాతే రెండో విడత సొమ్ము ఆలోచించాలి.

అప్పా, వాటానా అన్నది ముందే తేలాలి. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం సంస్థ అప్పులకు ప్రతి భాగస్థుడూ పూర్తిగా బాధ్యుడు. పావలా వాటాదారు సొంత ఆస్తికీ రక్షణ లేదు. సంస్థను రిజిస్టరు చేయకపోతే ఉద్దెర బాకీలకు దావా వేసే వీలుండదు. కేవలం అప్పిచ్చినవాడు సైతం తాను భాగస్థుడినని నలుగురిలో చెప్పుకుంటే, ఆ మాట నమ్మి సరుకిచ్చినవారికి బాధ్యుడవుతాడు. అప్పుగా ఇస్తే చెక్కు ద్వారా ఇవ్వాలి, రూ. 20,000, ఆపై అప్పు నగదుగా పుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం. ప్రోనోటుకు మూడేళ్లలో కాలదోషం పడుతుంది. తిరగరాయమని బంధువును అడగడానికి మొహమాటపడి సొమ్ము పోగొట్టుకోవడం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది.

యంత్రానికి పరిమితమైన మొత్తం, రాతపూర్వకంగా, పోయినా సొంత దుకాణం కుంటుపడనంత మేరకు ఇవ్వడం సబబు. నిల్వకు అడిగితే చుట్టరికాన్ని పక్కనపెట్టి, పరాయి పార్టీకి ఇచ్చే షరతులతోనే ఇవ్వాలి. ఆ షరతులకు బంధువు చిన్నబుచ్చుకుంటే, ఇవ్వకుండా ఉండటమే ఉభయులకూ క్షేమం.