‘కాగితం కోసం పెళ్లి’ అనేవాళ్ళకి

‘వాడా? గ్రీన్ కార్డు కోసం పెళ్లి చేసుకున్నాడులే.’

అమెరికాలో నాలుగేళ్ళు ఉన్న ఏ తెలుగువాడైనా ఈ వాక్యం ఒక్కసారైనా విని ఉంటాడు. అందులో చివరి ‘లే’ని గమనించండి. అసలు తీర్పంతా అందులోనే ఉంది. విచారణ అయిపోయింది, ఇక మాట్లాడుకోవడానికేం లేదు, ఆ బిర్యానీ ఇటు ఇవ్వండి అని అర్థం.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. తీరిక దొరికినప్పుడు కథల గురించి రాస్తుంటాను. ఎఫ్-1 వీసా మీద ఎమ్మెస్ చదువుతుండగా అమెరికా పౌరురాలైన అమ్మాయిని పెళ్లి చేసుకున్నాను. లాయరుకి ఇచ్చే డబ్బుల్లేక ఆ దరఖాస్తు ఇద్దరం కూర్చుని మేమే తయారుచేసుకున్నాం. కాబట్టి పైన చెప్పిన వాక్యం నా గురించి కూడా. దానికి సంజాయిషీ ఇవ్వడానికి ఇది రాయడం లేదు. ఆ వాక్యం అనే హక్కు మనవాళ్ళకి ఎక్కణ్ణుంచి వచ్చిందని అడగడానికి రాస్తున్నాను.

మన పెళ్లిసంబంధాల మార్కెట్ సంగతి తెలియనివాళ్ళు లేరు. పత్రికల్లో ‘వధువు కావలెను’ ప్రకటనలు చూడండి. కులం, ఎత్తు, జీతం పక్కనే వీసా ఉంటుంది. హెచ్-1బి అయితే ఒక రేటు, గ్రీన్ కార్డు అయితే ఒక రేటు, సిటిజెన్ అయితే ఇంకో రేటు. ‘ఐ-140 అప్రూవ్డ్’ అని బయోడేటాలో రాసుకున్నవాళ్ళని నేను చూశాను. మూడు వారాల సెలవులో వచ్చి, పది సంబంధాలు చూసి, ఒక అమ్మాయితో ఇరవై నిమిషాలు మాట్లాడి, తాళి కట్టి, హెచ్-4 స్టాంపింగ్‌కి పెళ్లి ఆల్బమ్ పట్టుకుని కాన్సులేట్‌కి వెళ్తే దాన్ని మనం ‘సంబంధం కుదిరింది’ అంటాం. ‘వీసా కోసం పెళ్లి’ అనం. ఆ అమ్మాయికి 2015 దాకా ఇక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతి కూడా లేదన్నది వేరే సంగతి.

అంటే మనకి అభ్యంతరం పెళ్లిలో వీసా ఉండటం కాదు. వీసా మనవాళ్ళ చేతుల మీదుగా, మన కులంలో, మన కట్నంతో రాకపోవడం.

అబద్ధం మాటకొస్తే, అది పెళ్లి దగ్గర మొదలవదు. అమెరికా చట్టంలో 214(బి) అనే సెక్షన్ ప్రకారం విద్యార్థి వీసా అడిగే ప్రతివాణ్ణీ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నవాడిగానే అనుకోవాలి. కాదని రుజువు చేసుకోవాల్సింది విద్యార్థే. అందుకే ఇరవై రెండేళ్ళ పిల్లలు హైదరాబాద్ కాన్సులేట్ కిటికీ ముందు నిలబడి ‘చదువు అవగానే వెనక్కి వచ్చేస్తాను సార్’ అంటారు. అమీర్‌పేట కన్సల్టెన్సీల్లో ఆ వాక్యాన్ని ఏ గొంతుతో చెప్పాలో కూడా నేర్పుతారు. ఇంటర్వ్యూకి ముందు చిలుకూరు బాలాజీ గుడిలో పదకొండు ప్రదక్షిణలు, వీసా వచ్చాక నూట ఎనిమిది. వీటిలో దేన్నీ మనం ఎగతాళి చేయం. కానీ ఆ పిల్లవాడే రెండేళ్ళ తర్వాత నిజంగా ఒక మనిషిని ఇష్టపడి పెళ్లి చేసుకుంటే, అప్పుడు మాత్రం మనకి సత్యసంధత గుర్తొస్తుంది.

ఈ వెటకారం వెనక ఒక కడుపుమంట ఉంది. దాన్ని నేను కొట్టిపారేయను. ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి దాదాపు లక్షా నలభై వేలు. ఏ దేశానికైనా అందులో ఏడు శాతమే గరిష్ఠం. దాంతో భారతీయులు పది పన్నెండేళ్ళ కిందటి ప్రయారిటీ డేట్ల దగ్గరే చిక్కుకుపోయారు. పిల్లలకి ఇరవై ఒకటి దాటితే ఆ క్యూలోంచి జారిపోతారు. పౌరుల భార్యాభర్తలకి మాత్రం ఈ సంఖ్యల పరిమితి లేదు. పక్కవాడు ఏడాదిలో కార్డు తెచ్చుకుంటే మండుతుంది, సహజమే. అయితే అది వేరే కిటికీ. ఆ కార్డు మీ కోటాలోంచి తీసింది కాదు. మీ ముందు నిలబడి మీ దారి మూసింది ఏడు శాతం అనే అంకె. కోపం దాని మీద చూపించాలి.

ఇక చట్టం ఏమంటుందో చూద్దాం. వినడానికి వింతగా ఉంటుంది గానీ, ఈ విషయంలో అమెరికా కోర్టులు మన పాట్‌లక్‌ల కంటే చాలా ఉదారంగా ఉన్నాయి. 1975లో తొమ్మిదో సర్క్యూట్ కోర్టు ముందుకి బార్క్ అనే కొరియా దేశస్థుడి కేసు వచ్చింది. పెళ్లి చేసుకున్నాడు, గొడవలు పడ్డారు, విడివిడిగా ఉన్నారు. కాబట్టి అది దొంగ పెళ్లి అన్నారు అధికారులు. కోర్టు ఒప్పుకోలేదు. చూడాల్సింది ఒక్కటే, పెళ్లినాటికి ఇద్దరూ కలిసి బతకాలనుకున్నారా లేదా. పౌరుల కాపురాల కంటే పరాయివాళ్ళ కాపురాలు పద్ధతిగా, విజయవంతంగా ఉండి తీరాలని అడిగే అధికారం ప్రభుత్వానికి లేదని తేల్చింది. కార్డు కూడా వస్తే బాగుండు అనుకోవడం నేరం కాదు. కార్డు తప్ప మరేమీ అనుకోకపోవడం నేరం.

తీర్పు బాగానే ఉంది. కానీ కలిసి బతకాలన్న కోరికని ఎలా చూపిస్తారు? ఇక్కడే కాగితం వస్తుంది. ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఇద్దరి పేర్లున్న అద్దె ఒప్పందం, కలిపి వేసిన ట్యాక్స్ రిటర్న్, ఒకరి పేరు మీద మరొకరి ఇన్సూరెన్సు, ఉమ్మడి ఆస్తి, పెళ్లి ఫొటోలు, రెండు కుటుంబాలూ కలిసి ఉన్న ఫొటోలు, మిత్రుల ప్రమాణ పత్రాలు. జాబితా మళ్ళీ ఒకసారి చదవండి. ఇది ప్రేమకి రుజువు కాదు, మధ్యతరగతికి రుజువు. క్యాంపస్‌లో వారానికి ఇరవై గంటలకి మించి పనిచేయకూడని విద్యార్థికి ఉమ్మడి ఆస్తి ఎక్కణ్ణుంచి వస్తుంది? మా పేరు మీద అప్పటికి ఉన్నవి ఒక పాత కారు, నలుగురు రూమ్‌మేట్ల పేర్లున్న లీజు. నా భార్య టెక్సస్‌లో పుట్టింది, వాళ్ళమ్మానాన్నలు మెక్సికో నుంచి వచ్చారు. మా పెళ్లి కౌంటీ ఆఫీసులో, ఇద్దరు స్నేహితుల ఎదుట జరిగింది. ఒంగోలు నుంచి మా వాళ్ళెవరూ రాలేదు. రాలేక కాదు, రాకూడదనుకున్నారు. అందువల్ల ‘రెండు కుటుంబాల ఫొటో’ అన్న చోట మా ఫైల్లో ఖాళీ.

ఇది నా ఒక్కడి బాధ కాదు. కులం దాటి, మతం దాటి పెళ్లి చేసుకున్న ప్రతి జంటకీ ఫైల్లో ఇదే ఖాళీ ఉంటుంది. వెయ్యి మందికి భోజనాలు పెట్టిన పెళ్లి ఆల్బమ్ ఆఫీసరుకి సంతృప్తినిస్తుంది. తల్లిదండ్రులు వెలేసిన పెళ్లి అనుమానం కలిగిస్తుంది. ఆ చివర ఊళ్ళో కులపెద్దా, ఈ చివర ఆఫీసులో అధికారీ ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోకుండానే ఒకే ప్రశ్న అడుగుతున్నారు: మీ వాళ్ళు ఒప్పుకున్నారా?

డబ్బు సంగతి క్లుప్తంగా. 2024 ఏప్రిల్ 1 నుంచి ఐ-130 కాగితం మీద వేస్తే 675 డాలర్లు, ఐ-485కి 1,440, పని అనుమతికి 260, ప్రయాణ అనుమతికి 630. మొత్తం 3,005. డాక్టరు పరీక్ష దీనికి అదనం.

డబ్బు కంటే బరువైనది ఐ-864. పౌరురాలైన భార్య ఆదాయం పేదరిక ప్రమాణానికి కనీసం 125 శాతం ఉండాలి. లేకపోతే మరో పౌరుడో గ్రీన్ కార్డు ఉన్నవాడో హామీ సంతకం చేయాలి. ఆ సంతకం చేసినవాడి బాధ్యత నేను పౌరుణ్ణి అయ్యేదాకా, లేదా నా లెక్కలో నలభై త్రైమాసికాల పని జమయ్యేదాకా, లేదా నేను హోదా వదులుకుని దేశం విడిచేదాకా, లేదా ఇద్దరిలో ఒకరు చచ్చేదాకా ఉంటుంది. విడాకులు తీసుకున్నా తెగదు. మంగళసూత్రం కంటే గట్టి ముడి ఇది. నేను మొదట అడిగింది ప్రతి ఉగాదికీ నన్ను ఇంటికి పిలిచే ఒక తెలుగు అంకుల్‌ని. ‘రేపు మీరిద్దరూ విడిపోతే నా సంగతేంటి బాబూ?’ అన్నారాయన. న్యాయమైన ప్రశ్నే. చివరికి సంతకం పెట్టింది నా భార్య మేనమామ. టైర్ల షాపు నడుపుతాడు. అప్పటికి నన్ను రెండుసార్లు చూశాడు. ట్యాక్స్ కాగితాల కాపీ ఇచ్చి, సంతకం చేసి, షాపుకి వెళ్ళిపోయాడు.

ఈ అనుమానపు వ్యవస్థ ఎక్కడ పుట్టిందో కూడా చెప్పుకోవాలి. 1985లో అప్పటి ఇమిగ్రేషన్ శాఖ కమిషనర్ సెనేట్ ఉపసంఘం ముందు ఇలాంటి పెళ్లిళ్ళలో దాదాపు 30 శాతం అనుమానాస్పదమని చెప్పాడు. దాని ఊపులో 1986 చట్టం వచ్చింది. కార్డు వచ్చేనాటికి పెళ్లయి రెండేళ్ళు నిండకపోతే రెండేళ్ళ షరతుల కార్డే ఇస్తారు. గడువు ముగిసే ముందు ఇద్దరూ కలిసి మళ్ళీ రుజువు చేసుకోవాలి. ఆ 30 శాతం లెక్కకి గణాంక పునాది లేదని తర్వాత ఆ శాఖే ఒప్పుకుంది. లెక్క పోయింది, చట్టం మిగిలింది. కొట్టే భర్తలకి ఆ రెండేళ్ళూ ఆయుధమయ్యాయి, ‘నువ్వు వెళ్ళిపోతే నీ కార్డూ పోతుంది’ అని. దెబ్బలు తిన్న భార్యలు సొంతంగా దరఖాస్తు చేసుకునే దారి పూర్తిగా తెరుచుకోవడానికి 1994 దాకా పట్టింది.

ఇంకా వెనక్కి వెళ్తే మన చరిత్రే కనిపిస్తుంది. 1922 కేబుల్ చట్టం ప్రకారం పౌరసత్వానికి అర్హత లేని విదేశీయుణ్ణి పెళ్లాడిన అమెరికన్ స్త్రీ తన పౌరసత్వాన్నే పోగొట్టుకునేది. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు అర్హులు కారంది. ఆ తర్వాత తారక్‌నాథ్ దాస్‌ని పెళ్లి చేసుకున్న మేరీ దాస్ పుట్టిన దేశంలోనే దేశం లేని మనిషి అయింది. ఆ నిబంధన 1931 దాకా ఉంది. ఇక 1975లో కొలరాడోలోని బౌల్డర్‌లో లైసెన్సు తీసుకుని పెళ్లి చేసుకున్న రిచర్డ్ ఆడమ్స్, ఆంటొనీ సలివన్‌ల సంగతి. ఇద్దరూ మగవాళ్ళు. సలివన్ ఆస్ట్రేలియా దేశస్థుడు. అధికారులు అసభ్యమైన మాటతో దరఖాస్తు తిప్పికొట్టారు. 1982లో కోర్టు కూడా కుదరదంది. ఆడమ్స్ 2012 డిసెంబరులో చనిపోయాడు. సలివన్‌కి కార్డు 2016లో వచ్చింది. దాదాపు నలభై ఏళ్ళు కలిసి బతికినవాళ్ళది ‘నిజమైన పెళ్లి’ అని ఒప్పుకోవడానికి అంతకాలం పట్టింది. నిజమైన పెళ్లి అనే మాట వాడే ముందు, ఆ ముద్ర ఎవరి చేతిలో ఉందో చూసుకోవాలని చెప్పడానికే ఇదంతా.

ఇప్పుడు సాహిత్యం సంగతి. మన డయాస్పోరా కథ ముప్పై ఏళ్ళుగా ఆవకాయ, మంచు, ఒంటరి తల్లిదండ్రులు, దారితప్పిన పిల్లల చుట్టూ తిరుగుతోంది. సావనీర్లు తిరగేయండి. వీసా వస్తే అది కథని ఇండియా నుంచి అమెరికాకి మార్చే బస్సు టికెట్టులా వస్తుంది, అంతే. గ్రీన్ కార్డు పెళ్లి వస్తే మోసగత్తె తెల్లమ్మాయి ఉంటుంది, లేదా మోసపోయిన మనవాడు ఉంటాడు. హాలీవుడ్ కూడా ఏం తక్కువ తినలేదు. 1990లో పీటర్ వియర్ తీసిన ‘గ్రీన్ కార్డ్’ నుంచి 2009 నాటి ‘ద ప్రపోజల్’ దాకా అదే సూత్రం: దొంగ పెళ్లితో మొదలై నిజం ప్రేమగా మారుతుంది. మా లాంటివాళ్ళకి జరిగేది దీనికి తలకిందులు. నిజం పెళ్లితో మొదలుపెడతాం, దాన్ని నటించాల్సి వస్తుంది.

ఈ నటన గురించి ఎవరూ రాయరు. వంట చేస్తుంటే ‘ఆగు, ఒక ఫొటో తీస్తా, ఎవిడెన్స్‌కి పనికొస్తుంది’ అంటాం. గొడవపడ్డ రాత్రి మెసేజ్‌లు చెరిపేయాలా, ఉంచాలా అని ఆలోచిస్తాం. గొడవ కూడా నిజమైన కాపురానికి సాక్ష్యమే కదా! ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి అడిగి జవాబులు పోల్చే ఇంటర్వ్యూకి ‘స్టోక్స్’ అని పేరు. న్యూయార్క్‌లో దరఖాస్తుదారుల హక్కుల కోసం వేసిన కేసు అది. ఇప్పుడు ఆ పేరు చెబితేనే జంటలు వణుకుతాయి. మంచానికి ఎవరు ఏ పక్క పడుకుంటారో అడుగుతారని అందరూ అంటే మేమూ బట్టీ పట్టాం. ఆ తర్వాత చాలాకాలం పక్క మార్చుకోలేదు. ఆఫీసరు చూపు ఇంట్లోకి వచ్చి కూర్చోవడమంటే ఇదే.

ఆ ఫైలు రాసేవాళ్ళకి పాఠాలు కూడా నేర్పుతుంది. మిత్రుల ప్రమాణ పత్రంలో ‘వీరు ఎంతో అన్యోన్యంగా ఉంటారు’ అని రాస్తే దానికి విలువ లేదు. ఎప్పుడు, ఎక్కడ, ఏం చూశారో రాయాలి. మన కథల వర్క్‌షాపుల్లో ఇంత కచ్చితంగా చెప్పేవాళ్ళు తక్కువ. తెలుగులో ఉన్న నా జనన పత్రాన్ని ఒక మిత్రుడు ఇంగ్లీషు చేసి, ఈ అనువాదం సంపూర్ణం, యథాతథం అని సంతకం పెట్టాడు. నిబంధన అలా ఉంది. ఆ సంతకం పెట్టే ధైర్యం ఏ కథల అనువాదకుడికుందో చెప్పండి.

ఇంకో మాట ఉంది, పెరోల్. చర్లపల్లి జైలు వార్తల్లో తప్ప ఆ మాట మనకి తెలియదు. విద్యార్థి వీసా మీద ఉన్నవాడు ఐ-485 వేశాక ‘అడ్వాన్స్ పెరోల్’ చేతికి రాకుండా దేశం దాటితే దరఖాస్తు వదిలేసుకున్నట్టే. మా నాయనమ్మ పోయినప్పుడు నా పెరోల్ ఇంకా రాలేదు. నేను వెళ్ళలేదు. ‘కార్డు కోసం నాయనమ్మని కూడా చూడ్డానికి రాలేదు’ అని ఊళ్ళో అన్నారు. పెళ్లికి రానివాళ్ళే అన్నారు.

కాబట్టి ఈ కథలు రాసేవాళ్ళకి నా విన్నపం. కాగితం లేని పెళ్లి ఎక్కడా లేదు. శుభలేఖ కాగితమే, లగ్నపత్రిక కాగితమే, కట్నం కింద రాసిచ్చిన పొలం దస్తావేజూ కాగితమే. ఏ కాగితం ఎవరి మీద ఎంత బరువు వేస్తోందో చూసి రాయండి. ఇక ఆ ‘లే’ అనేవాళ్ళకి ఒకే ప్రశ్న. మీ పెళ్లిని ఇదే జాబితాతో, ఇదే ఆఫీసరు ముందు, మీ ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి అడిగితే, మొదటి రెండేళ్ళ నాటి మీ కాపురం ఎన్ని ప్రశ్నలకి ఒకే జవాబు చెప్పగలదు?