రెండు చక్రాలు – ఒక తాళం

నల్లరేగడి నేల స్వభావం మన పాఠకులకు వేరుగా చెప్పవలసిన పని లేదు. వేసవిలో నెర్రెలు విచ్చి, వాన పడగానే ఉబ్బి, కాలికి బంకవలె అంటుకొనే ఈ నేలే చిలకలూరిపేట మొదలు అద్దంకి వరకు పత్తికీ మిరపకూ ఆధారం. అకాల వర్షం కురిసిన నాడు ఏ పొలం డొంక వెంట పోయినా ఒక దృశ్యం కనబడుతుంది. మిరప టిక్కీలు నింపిన ట్రక్కు వెనుక ఉంటుంది. ముందు ట్రాక్టరు దిగబడి ఉంటుంది. ఒక చక్రం గట్టి నేలపై కదలక నిలిచి ఉంటే, రెండవది బురద చిమ్ముతూ వృథాగా గిరగిర తిరుగుతుంటుంది. డ్రైవరు ఇంకా ఇంకా ఇంజనును రేపుతాడు, చక్రం ఇంకా ఇంకా లోతుకు దిగుతుంది. కాయ తడిస్తే రంగు పోతుంది, రంగు పోతే గుంటూరు యార్డులో ధర పోతుంది. ఏడాది కష్టం ఆ ఒక్క చక్రం కింద నలిగిపోతుంది.

ఇదంతా దైవ నిర్ణయమని సరిపెట్టుకోవడం న్యాయం కాదని మా అభిప్రాయం. దీనికి కారణం ఉంది. ఆ కారణం మన భౌతికశాస్త్ర పాఠాలకు అందనిదేమీ కాదు.

ఎద్దుబండి చక్రాలు ఇరుసుపై దేనికది విడిగా తిరుగుతాయి. బండిని లాగేవి ఎద్దులు, చక్రాలు కావు. కాబట్టి అక్కడ చిక్కు లేదు. ట్రాక్టరులో చక్రాలే బండిని నెట్టాలి. అయినా మలుపులో అవి సమానంగా తిరగడానికి వీలులేదు. రెండింటి నడుమ ఎడం ఒకటిన్నర మీటరు అనుకొంటే, ఒక పూర్తి చుట్టులో బయటి చక్రం లోపలి దానికంటె సుమారు 9.4 మీటర్లు ఎక్కువ దూరం పోవాలి. ఈ తేడాను సర్దేదే డిఫరెన్షియల్. పందొమ్మిదవ శతాబ్ది తొలి భాగంలో ఫ్రాన్సు దేశస్థుడు ఒనెసిఫోర్ పెకూర్ దీనిని ఆవిరి బండి కోసం రూపొందించాడు.

అయితే ఈ సర్దుబాటుకు ఒక ధర ఉంది. విడిగా ఉన్న డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ బలాన్ని సమానంగానే పంచుతుంది. బురదలోని చక్రం 100 పాళ్ల బలాన్ని మాత్రమే ఓర్చుకోగలిగితే, గట్టి నేలపై 500 పాళ్లు ఓర్చగల చక్రానికి కూడా అందేది ఆ 100 మాత్రమే. వెరసి 200. తాళం వేసి రెండింటినీ ఒకటిగా బిగిస్తే, దేని శక్తి మేరకు అది పనిచేసి 600 దక్కుతుంది. ట్రాక్టరుపై కాలి దగ్గర ఉండే చిన్న పెడలు చేసే పని ఇదే.

తాళం ఇంత మేలు చేస్తే దానిని ఎప్పుడూ వేసి ఉంచవచ్చునా? వీలులేదు. తాళం ఉన్న బండి మలుపు తిరగనంటుంది, నేరుగా పోజూస్తుంది. గట్టి రోడ్డుపై టైర్లు అరుగుతాయి, పళ్లచక్రాలు విరుగుతాయి. కొందరు భయంతో ఆ పెడలును ఏనాడూ తాకరు. మరికొందరు బురద దాటినా కాలు తీయరు. రెండూ పొరపాట్లే. చక్రం వేగంగా జారుతుండగా తాళం వేయరాదు. ముందు ఇంజను వేగం తగ్గించాలి. మలుపుకు ముందే కాలు తీయాలి. బరువు పట్టి తాళం వెంటనే విడకపోతే క్లచ్ తొక్కి బరువు తగ్గించాలి. పొలంలో విడివిడిగా వాడే రెండు బ్రేకు పెడళ్లను రోడ్డు ఎక్కే ముందు తప్పక జతచేయాలి.

ఇంతకంటె పెద్ద అపాయం మరొకటి ఉంది. దిగబడిన చక్రాలకు దుంగలు కట్టి బలవంతంగా బయటపడజూసేవారున్నారు. చక్రం తిరగలేనప్పుడు ఇంజను బలం బండి ముందు భాగాన్నే పైకి లేపుతుంది; ట్రాక్టరు వెనుకకు తిరగబడి డ్రైవరుపై పడుతుంది. ట్రాక్టరు కాయనే కాదు, మనుషులనూ మోస్తున్నది. 2020 మే నెలలో ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలంలో మిరప కూలీలతో వస్తున్న ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని ఢీకొని పలువురు మరణించారు. దానికీ ఈ తాళానికీ సంబంధం ఉందని మేము అనడం లేదు. స్టీరింగు పట్టినవాని చేతిలో ఎన్ని ప్రాణాలుంటాయో గుర్తుచేయడమే మా ఉద్దేశం.

మనలో అనేకులు సెలవుల్లో ఇంటి ట్రాక్టరు నడుపుతారు. పరీక్షలో డిఫరెన్షియల్ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకొన్నవాడే పొలంలో ఆ పెడలు దేనికో ఎరుగకపోవడం మన చదువుకు గౌరవం కాదు. మరోవైపు షెడ్డులో ఉస్తాదు దగ్గర పని నేర్చిన కుర్రవానికి పెడలు తెలుసు, లెక్క తెలియదు. ఈ ఇద్దరినీ ఒకచోట చేర్చడం కళాశాల చేయదగిన పని.

కమిటీ పెద్దలకు మా విన్నపం స్వల్పమైనది. రేడియోతో నడిచే బొమ్మ ట్రక్కులు నేడు దొరుకుతున్నాయి. వాటిలో రాళ్లు ఎక్కేవాటికి చక్రాలు బిగించి ఉంటాయి; వేగంగా పరుగెత్తి మలుపులు తిరిగేవాటికి విడిగా ఉంటాయి. ఈ రెండు రకాలూ ఒక్కొక్కటి తెప్పించి, ఒక పళ్లెంలో తడి రేగడిమన్ను, మరొక పళ్లెంలో పొడి ఇసుక పోసి వైజ్ఞానిక ప్రదర్శనలో నడిపించండి. అనుభవజ్ఞుడైన ఒక మెకానిక్‌ను పిలిపించి, ఒక పూట తెలుగులోనూ ఉర్దూలోనూ చెప్పించండి. తండ్రులనూ అన్నలనూ మేమే వెంటబెట్టుకొని వస్తాం.

ఆ ఒక్క పూట వల్ల ఒక రైతు కాయ తడవకుండా ఇల్లు చేరినా, ఒక డ్రైవరు ప్రాణంతో ఇల్లు చేరినా, ఖర్చు దండుగ కాలేదని మేము సంతోషిస్తాము.