ఆమ్‌స్టర్‌డామ్ బారిష్‌లో మన బందరు



యూరప్ సఫర్ చేసి వచ్చిన మనవాళ్ల నోట ఒక షికాయత్ తరచూ వింటుంటాం. "ఆమ్‌స్టర్‌డామ్‌లో బారిష్ పట్టుకుంది, ఒక రోజంతా ఖరాబైపోయింది" అని. నా రాయ్ వేరే. ఆ షహర్‌ని అర్థం చేసుకోవడానికి బారిష్ రోజే బెహతర్. ఎండ కాస్తే పడవెక్కి, ఫోటోలు దిగి వచ్చేస్తాం. వాన పడితే మ్యూజియం తలుపు తోసుకుని లోపలికి వెళ్తాం. మన తారీఖ్‌లో ఒక ముక్క ఆ లోపలే ఉంది.

ముందు బయట కాసేపు తడుస్తూనే నడవండి. 1613లో తవ్వడం మొదలుపెట్టిన కాలువల వలయం ఇది. 2010లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. కాలువ పక్క పాత ఇళ్లను తలెత్తి చూస్తే పైన ఒక దూలం, దానికో కొక్కెం కనబడతాయి. లోపలి మెట్లు ఇరుకు, అందుకని సరుకును తాడుతో పైకి లాగి అటకల్లో దాచేవారు. పిల్లలకు ఆ కొక్కెం చూపించి ఒక్క సవాల్ అడగండి: ఏ సరుకు? ఎక్కడిది?

జవాబులో మన బందరు కూడా ఉంది. డచ్ ఈస్టిండియా కంపెనీ 1602లో పుట్టింది. నాలుగేళ్లకే, 1606లో, మచిలీపట్నంలో తిజారత్‌కి గోల్కొండ సుల్తాన్ నుంచి ఇజాజత్ తెచ్చుకుంది. ఆ సుల్తాన్ ఎవరో కాదు, హైదరాబాద్ కట్టిన ముహమ్మద్ కులీ కుతుబ్‌షా. బందర్ అంటే ఫార్సీలో రేవు. కలంకారీలోని కలం కూడా మన జబాన్‌దే. ఆ తీరాన కలంతో గీసి రంగులద్దిన బట్టను డచ్చివాళ్లు 'సిట్స్' అన్నారు, మోజుపడి తొడుక్కున్నారు.

ఇక రైక్స్ మ్యూజియం. గోల్కొండలో 1686 ప్రాంతంలో గీసిన సుల్తాన్‌ల, బాద్‌షాల తస్వీర్‌ల ఆల్బమ్ ఒకటి వాళ్ల దగ్గర ఉంది. ఒకప్పుడు అది నికోలాస్ విట్సెన్‌ది. ఆయన ఆమ్‌స్టర్‌డామ్‌కి ఎన్నోసార్లు మేయర్. కాగితం మీది బొమ్మలు కాబట్టి వాటిని ఎప్పుడూ గోడకు తగిలించి ఉంచరు. వెళ్లేముందే మ్యూజియం వెబ్‌సైట్‌లో పిల్లలకు చూపించండి. ఇదే షహర్‌లో కూర్చుని రెంబ్రాంట్ కూడా ముఘల్ తస్వీర్‌లను చూసి నకళ్లు గీశాడు.

ఇంతవరకు ఫఖర్‌గా చెప్పుకోవచ్చు. కానీ సగం తారీఖే చెప్పడం ఇన్సాఫ్ కాదు. కోరమాండల్ తీరంలో కరువొచ్చి తిండిలేక జనం తమను, తమ ఔలాద్‌ను అమ్ముకుంటే, అదే కంపెనీ ఆ మనుషుల్ని కొని బటావియాకు, అంటే నేటి జకార్తాకు, గులాములుగా తీసుకుపోయింది. వాళ్ల తస్వీర్‌లు ఏ ఆల్బమ్‌లోనూ లేవు. గులామీలో తమ నగరం పంచుకున్న హిస్సాకు 2021 జూలై 1న మేయర్ ఫెమ్కె హల్సెమా మాఫీ అడిగారు. అది కూడా పిల్లలకు చెప్పాలి.

"సెలవుల్లో కూడా సబఖేనా భాయ్?" అంటారు. సబఖ్ కాదు, రిష్తా. చూసే ఊరితో తనకేదో రిష్తా ఉందని తెలిసిన పిల్లాడు అక్కడ ఖాళీ కళ్లతో తిరగడు. మన బుజుర్గుల చేతిపని ఆ దేశపు దౌలత్‌లో కలిసిందని తెలిస్తే, యూరప్ ముందు చిన్నబోడు, ఊరికే గొప్పలూ పోడు.

రెండు జరూరీ మాటలు. అక్కడ గాలికి గొడుగు నిలవదు, టోపీ ఉన్న రెయిన్‌కోట్ పెట్టుకోండి. నమాజ్‌కి రోజెన్‌గ్రాఖ్ట్ వీధిలో ఫాతిహ్ మస్జిద్ ఉంది. పూర్వం చర్చి, 1981 నుంచి మస్జిద్.

వీసా, టికెట్ల ఖర్చు అందరి వల్లా కాదు. కానీ బందరుకు బస్సు టికెట్ చాలు. అక్కడ డచ్చివాళ్ల సమాధులు ఇంకా ఉన్నాయి, పక్కనే పెడనలో కలంకారీ అద్దకం ఇంకా నడుస్తోంది. ఆమ్‌స్టర్‌డామ్ ప్లాన్ చేస్తున్న ఇంటివాళ్లు ముందు పిల్లల్ని ఒక ఆదివారం అక్కడికి తీసుకెళ్లండి. ఆ తర్వాత ఆ కాలువల మీద ఎంత వాన పడినా వాళ్లకు రోజు ఖరాబు కాదు.