కొబ్బరి చిప్పకు కొత్త గిరాకీ

కోనసీమలో పీచుకు పరిశ్రమలున్నాయి, ఎండు కొబ్బరికి అంబాజీపేట మార్కెట్ ఉంది. చిప్ప మాత్రం ఎక్కువగా పొయ్యిలోకో, బొగ్గు బట్టీలోకో పోతోంది. సోడియం అయాన్ బ్యాటరీ దానికి ఇంతకన్నా మంచి దారి చూపిస్తోంది. రాష్ట్ర ప్రభుత్వం ఈ అవకాశాన్ని వెంటనే అందిపుచ్చుకోవాలి.

లిథియం బ్యాటరీలో గ్రాఫైట్ చేసే పనిని ఇందులో హార్డ్ కార్బన్ చేస్తుంది. సోడియం అయాన్ గ్రాఫైట్ పొరల మధ్య సరిగా ఇమడదు. కొబ్బరి చిప్పను గాలి తగలకుండా వెయ్యి డిగ్రీలకు పైగా కాలిస్తే వచ్చే కార్బన్‌లో పొరలు చిందరవందరగా ఉంటాయి. వాటి మధ్య సందులు, సూక్ష్మ రంధ్రాలే సోడియానికి చోటిస్తాయి. జపాన్ కంపెనీ కురారే మొక్కల ముడిసరుకుతో ఇలాంటి హార్డ్ కార్బన్‌ను ఇప్పటికే అమ్ముతోంది. పైగా ఈ బ్యాటరీలో రాగి రేకు అక్కర్లేదు, అల్యూమినియం చాలు. సోడియం సంగతా, అది ఉప్పులోనే ఉంది. కొవ్వూరులో ఆంధ్రా షుగర్స్ ఉప్పునీటి నుంచే కాస్టిక్ సోడా తీస్తోంది. తణుకులో అదే సంస్థ ఇస్రో రాకెట్లకు ద్రవ ఇంధనం తయారుచేసింది. ఈ గడ్డకు రసాయన పరిశ్రమ కొత్త కాదు.

అడ్డంకులు చిన్నవేమీ కావు. 2022 చివర చైనాలో టన్ను 6 లక్షల యువాన్లకు చేరువైన లిథియం కార్బొనేట్ 2024లో లక్షకు దిగువకు పడిపోయింది. దాంతో సోడియానికి ఉన్న ధర ఆకర్షణ సన్నగిల్లింది. అమెరికాలో సోడియం బ్యాటరీల కంపెనీ నాట్రాన్ 2025లో మూతపడింది. అదే ఏడాది ఏప్రిల్‌లో చైనా దిగ్గజం సీఏటీఎల్ మాత్రం కిలోకు 175 వాట్ అవర్ల సోడియం బ్యాటరీని ప్రకటించింది. ధర పడిందని చేతులు ముడుచుకుంటే, మళ్లీ పెరిగిన రోజున పొరుగు దేశం ముందు చేయి చాచాల్సిందే.

ఈ బ్యాటరీ బరువెక్కువన్నది కార్లకు లోపం. చెరువు గట్టు మీద బరువుతో పనేముంది? భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో తెల్లవారుజామున ఆక్సిజన్ అడుగంటుతుంది. ఆ వేళ కరెంటు పోతే ఏరేటర్లు ఆగి, రైతు డీజిల్ జనరేటర్ వైపు పరుగెత్తాలి. సోడియం బ్యాటరీని మొదట పరీక్షించాల్సింది అక్కడే.

ప్రభుత్వం రాయితీలను బ్యాటరీ సెల్ ఫ్యాక్టరీలకే పరిమితం చేయకూడదు. అంబాజీపేట పరిసరాల్లో హార్డ్ కార్బన్ యూనిట్‌కు, భీమవరం చెరువుల్లో ప్రయోగానికి వచ్చే బడ్జెట్‌లోనే నిధులు కేటాయించాలి. చిప్పల నాణ్యత పరీక్షించే పనిని కాకినాడ జేఎన్‌టీయూకు అప్పగించాలి.