ట్యాంకు బొమ్మకి కొలువులో చోటు ఉండాలి

ఈసారి టపా ఒక వాదన. దసరాకో సంక్రాంతికో మన ఇళ్ళల్లో బొమ్మల కొలువు పెడతాం కదా. ఆ మెట్ల మీద యుద్ధ ట్యాంకు మోడల్ పెట్టవచ్చా? పెట్టవచ్చు అని నా అభిప్రాయం. కానీ ఒక షరతు ఉంది, అది చివర్లో చెప్తాను.

ముందు ఏ ట్యాంకో చెప్పాలి. దాని పేరు సెంచూరియన్. బ్రిటన్‌లో తయారైంది. ఆస్ట్రేలియా సైన్యం 1950లలో తెచ్చుకుంది, తర్వాత వియత్నాంలో వాడింది. భారత సైన్యం దగ్గర కూడా ఇవే ఉండేవి. 1965లో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకుల్ని ఎదుర్కొన్న వాటిలో సెంచూరియన్లు ఉన్నాయి. మెల్‌బోర్న్‌లో పెరిగిన తెలుగువాడికి ఇది అమ్మ వైపూ, నాన్న వైపూ చుట్టం లాంటిది.

కిట్ స్కేలు 1/35. అసలు ట్యాంకులో 35 సెంటీమీటర్లు ఉన్నది బొమ్మలో 1 సెంటీమీటరు. ఈ 35 అనే అంకె వెనక పెద్ద లెక్క ఏమీ లేదు. 1960ల మొదట్లో జపాన్ కంపెనీ టమియా పాంథర్ ట్యాంకు కిట్ చేసింది. లోపల మోటారూ బ్యాటరీలూ పట్టాలి కాబట్టి ఆ సైజు పెట్టారు. కొలిస్తే సుమారు 1/35 వచ్చింది. ఇప్పుడు ప్రపంచంలో చాలా కంపెనీలు అదే వాడుతున్నాయి.

పెట్టె తెరిస్తే ప్లాస్టిక్ ఫ్రేములకి వందల ముక్కలు వేలాడుతూ ఉంటాయి. ఈ ఫ్రేముకి తెలుగులో మాట నాకు దొరకలేదు. నేను "కొమ్మ" అంటున్నాను. కొమ్మ నుంచి ముక్కని కత్తిరించాక మిగిలే చిన్న బుడిపెని "తొడిమ" అంటున్నాను. తొడిమని గరుకు కాగితంతో అరగదీయాలి. సెంచూరియన్‌కి ఒక్కో వైపు ఆరు జతల చక్రాలు. రెండు వైపులా కలిపి 24 చక్రాలు, అన్నిటికీ తొడిమలు. విడి లింకుల గొలుసు వేస్తే ఒక్కో వైపు వందకి పైగా లింకులు. జిగురు పెట్టే ముందు ప్రతి ముక్కనీ ఉత్తుత్తిగా పెట్టి చూడాలి. తొందరపడితే ఈ పని కుదరదు.

ఇది మనకి కొత్త పని కాదు. కొండపల్లి బొమ్మ కూడా ఒకే చెక్క కాదు. తెల్ల పొణికి చెక్కతో ముక్కలు వేరువేరుగా చెక్కుతారు. చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి మక్కు చేస్తారు. దానితో అతికించి, నునుపు చేసి, రంగులు వేస్తారు. అంబారీ ఏనుగుని అలాగే చేస్తారు. ట్యాంకు మోడల్ చేసేవాళ్ళ పని వరస కూడా దాదాపు ఇదే.

"అయినా అది ఆయుధం, దేవుడి బొమ్మల పక్కన ఎందుకు?" అని పెద్దవాళ్ళు అడుగుతారు. నాకు ఈ ప్రశ్న అంటే గౌరవం ఉంది. కానీ దుర్గమ్మ చేతుల్లో ఉన్నవి ఏంటి? రాముడి భుజాన ఉన్నది ఏంటి? దసరాకి మనం ఆయుధ పూజ చేస్తాం. ఆయుధం మన ఇంట్లోకి ఎప్పుడో వచ్చింది, దాని కథతో పాటు వచ్చింది. మహిషాసురుడి కథ తెలియకపోతే ఆ శూలం ఎందుకో పిల్లలకి అర్థం కాదు. నా షరతు కూడా దీని గురించే.

ఇక అసలు విషయం. సెంచూరియన్లలో ఒక దాని నంబరు 169041. ఆస్ట్రేలియాలో దాన్ని అణు ట్యాంకు అంటారు. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. సరిగ్గా రెండు వారాల తర్వాత, అక్టోబర్ 15న, దక్షిణ ఆస్ట్రేలియా ఎడారిలో ఈము ఫీల్డ్ అనే చోట బ్రిటన్ ఒక అణుబాంబు పేల్చింది. ఆ పరీక్ష పేరు టోటెమ్ 1. శక్తి సుమారు 10 కిలోటన్నులు. బాంబుకి 500 మీటర్ల లోపే ఈ ట్యాంకుని నిలబెట్టారు. లోపల మనుషులకి బదులు బొమ్మలు కూర్చోబెట్టారు.

పేలుడుకి పక్క రేకులు ఊడి ఎగిరిపోయాయి. అద్దాలు ఇసుక దెబ్బకి గీసుకుపోయాయి. ట్యాంకు మాత్రం మిగిలింది. దాన్ని మళ్ళీ నడిపారు, బాగు చేశారు, తర్వాత వియత్నాం పంపారు. అక్కడ 1969లో రాకెట్ దెబ్బ తిని కూడా తిరిగి వచ్చింది. ఆ తర్వాత దాన్ని డార్విన్ దగ్గర రాబర్ట్‌సన్ బ్యారక్స్‌లో ఉంచారు.

మోడల్ చేసేవాళ్ళకి ఈ కథ చాలా ఇష్టం. ఎంత గట్టి ట్యాంకు అని చెప్పుకుంటారు. ఎర్ర దుమ్ము రంగు ఎలా వేయాలి, ఊడిన రేకులు ఎలా చూపించాలి అని మాట్లాడుకుంటారు. నాకూ ఆ మాటలు ఇష్టమే. కానీ కథని అక్కడ ఆపకూడదు అంటాను.

స్కేలు పట్టుకుని లెక్క వేయండి. 450 మీటర్లని 35తో భాగిస్తే 13 మీటర్లు కూడా రాదు. అంటే ట్యాంకు మీ బల్ల మీద ఉంటే బాంబు వీధి అవతల ఇంట్లో ఉన్నట్టు. ఇంకో దూరం చూడండి. ఈము ఫీల్డ్ నుంచి వాలటినా అనే చోటికి దాదాపు 170 కిలోమీటర్లు. స్కేలులో అది 5 కిలోమీటర్ల లోపే. మీ ఇంటి నుంచి స్టేషనో, ఇండియన్ కిరాణా షాపో అంత దూరం ఉంటుంది. బాంబు తర్వాత ఒక నల్లటి మబ్బు అక్కడి మనుషుల మీదికి వచ్చింది. వాళ్ళు యంకునిజాజర మొదలైన ఆదివాసీ ప్రజలు. యామీ లెస్టర్ అప్పుడు చిన్న పిల్లవాడు. తర్వాత ఆయనకి రెండు కళ్ళూ పోయాయి. ఆ నల్ల పొగమంచు గురించి దేశానికి చెప్పినవాళ్ళలో ఆయన ముఖ్యుడు. 1984-85లో మెక్‌లెలండ్ రాయల్ కమిషన్ విచారణ చేసి, ఆ రోజు గాలి ఉన్న తీరులో బాంబు పేల్చి ఉండకూడదు అని తేల్చింది.

ట్యాంకు లోపల బొమ్మల్ని కూర్చోబెట్టాలని ఎవరికో గుర్తొచ్చింది. వాలటినాలో మనుషులు ఉన్నారని చాలినంతగా ఎవరికీ గుర్తురాలేదు. ఈ ఒక్క విషయం కోసమైనా ఈ మోడల్ నలుగురికీ కనిపించే చోట ఉండాలి అనిపిస్తుంది.

"హాబీలో రాజకీయాలు ఎందుకు?" అని కొందరు అంటారు. వాళ్ళే తుపాకీ గొట్టం పొడవు అర మిల్లీమీటరు తప్పితే ఊరుకోరు. బోల్టుల లెక్క సరిగ్గా ఉండాలి అనేవాళ్ళు మనుషుల లెక్క కూడా సరిగ్గా ఉండాలి అనాలి కదా. ఇంకొందరు యుద్ధ బొమ్మలు అసలు వద్దు అంటారు. దాచేస్తే పిల్లలు ట్యాంకుల్ని వీడియో గేముల్లో చూస్తారు. అక్కడ వాలటినా ఉండదు.

మనం ఈ దేశానికి తర్వాత వచ్చినవాళ్ళం. కొలువులో మన ఊరి కథలు పెడతాం, మంచిదే. ఉంటున్న నేల కథ కూడా ఒక మెట్టు మీద ఉండాలి.

ఇప్పుడు షరతు. ట్యాంకు పక్కన ఒక చిన్న కాగితం ఉండాలి. నంబరు, తేదీ, చోటు, అక్కడి మనుషుల పేరు, అన్నీ తెలుగులో రాయాలి. పేరంటానికి వచ్చిన పిన్నిగారు అడిగితే ఇంట్లో పిల్లలు తెలుగులో చెప్పగలగాలి. అయిదు వాక్యాలు చాలు. ఆ అయిదు వాక్యాలు రాకపోతే ట్యాంకుని గదిలోనే ఉంచండి, వచ్చే ఏడు పెట్టవచ్చు.

"కొమ్మ", "తొడిమ" కన్నా మంచి మాటలు మీకు తెలిస్తే కింద రాయండి. ఉంటాను.