బొమ్మల కథకు నేపథ్య సంగీతం అక్కర్లేదు

ఇష్టమైన కామిక్ పుస్తకం ఒకటి తీసుకుని, దానికోసం పాటలు ఏరి, వాటిని ఒక వరసలో పేర్చి, మొదటి నుంచి చివరిదాకా ఒకే కూర్పుగా వినేలా తయారు చేసేదాన్ని మిక్స్ అంటారు. క్యాసెట్ల కాలంలో అది టేపు మీద ఉండేది, ఇప్పుడు ఫోన్‌లో ప్లేలిస్ట్‌గా ఉంటోంది. ఇలాంటి మిక్స్ ఎలా చేయాలన్న దాని మీద దాదాపు అందరూ ఒప్పుకునే అభిప్రాయం ఒకటుంది. సన్నివేశం మూడ్ ఏమిటో చూసుకోవాలి, ఆ మూడ్‌కు తగిన పాట పెట్టాలి, పుస్తకం చదువుతుంటే అది వెనక మోగుతూ ఉండాలి. కొట్లాటకు డ్రమ్ములు, చావుకు వయొలిన్, భవిష్యత్తు నగరానికి సింథసైజర్. సినిమా రీరికార్డింగ్ నుంచి అలవాటుగా వచ్చిన ఈ పద్ధతి కామిక్ విషయంలో మొదలంటా తప్పు. కామిక్‌లో ధ్వని లేకపోవడాన్ని అది లోటుగా చూస్తుంది, ఆ లోటును పాటతో పూడ్చాలనుకుంటుంది. నిజానికి కామిక్ తన కథలో సగం ఆ నిశ్శబ్దంతోనే చెబుతుంది.

సినిమా సంగీత దర్శకుడి చేతికి వచ్చే సన్నివేశానికి నిడివి ఖాయంగా ఉంటుంది. ఎన్ని సెకన్లకు తలుపు తెరుచుకుంటుందో, ఎన్ని సెకన్లకు కత్తి దిగుతుందో ముందే తెలుసు. కామిక్ పేజీకి అలాంటి నిడివి లేదు. ఒక పాఠకుడు ఒక గడి మీద రెండు సెకన్లు ఆగితే ఇంకొకరు నిమిషం ఆగుతారు. మరొకరు పది పేజీలు వెనక్కి తిప్పి, మొదట గమనించని గడియారాన్ని మళ్లీ వెతుక్కుంటారు. కాలం పాఠకుడి కంటి చేతిలో ఉంది. అందుకే చదువుతున్నప్పుడు మోగే పాట పేజీతో కలవదు. కలపడానికి ప్రయత్నిస్తే పాఠకుడు పాట వెంట పరుగెత్తాలి, లేదా పాట ఎక్కడో ముందుకెళ్లిపోతుంది.

ఇక్కడ కొందరు ఇంకో తప్పు నిర్ణయానికి వస్తారు. అలాగైతే కామిక్‌కూ సంగీతానికీ పొత్తే లేదని, మిక్స్ చేయడం అభిమానుల కాలక్షేపమని అంటారు. పైన చెప్పిన కారణంతో వీగిపోయేది నేపథ్య సంగీతం మాత్రమే, మిక్స్ కాదు. స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో వచ్చిన ‘అండర్‌స్టాండింగ్ కామిక్స్’ అనే పుస్తకంలో, కామిక్ కళంతా గడికీ గడికీ మధ్య ఉన్న ఖాళీలో నడుస్తుందని వివరించాడు. రెండు బొమ్మలను పక్కపక్కన చూసినప్పుడు, వాటి మధ్య ఏం జరిగిందో పాఠకుడి ఊహే పూర్తి చేస్తుంది. మిక్స్‌లోనూ అలాంటి ఖాళీ ఉంది. ఒక పాట ముగిసి ఇంకొకటి మొదలయ్యే మధ్యలో వచ్చే ఆ రెండు మూడు క్షణాల్లో వినేవాడు రెంటినీ ముడివేస్తాడు. వేరువేరు ముక్కల్ని పక్కపక్కన పెట్టి అర్థం పుట్టించడమే రెండు కళల పని. కనుక మిక్స్ పుస్తకానికి తోడుగా మోగేది కాదు. పుస్తకం మూసేశాక వినాల్సిన వ్యాఖ్యానం అది. పద్యానికి వ్యాఖ్య రాసినవాడు పద్యం ఎలా కట్టారో చూపిస్తాడు. మిక్స్ కూడా పుస్తకం కట్టుబడినే వినిపించాలి.

ఈ మాటను పరీక్షించడానికి ‘వాచ్‌మెన్’ కంటే మంచి పుస్తకం దొరకదు. అలన్ మూర్ రాయగా డేవ్ గిబ్బన్స్ బొమ్మలు వేసి, జాన్ హిగ్గిన్స్ రంగులద్దిన ఈ కథ 1986, 1987 సంవత్సరాల్లో డీసీ కామిక్స్ నుంచి 12 సంచికలుగా వచ్చింది. పేజీకి మూడు వరసల్లో తొమ్మిది సమానమైన గళ్లు దీని ప్రాథమిక కొలత. ఈ కొలత తాళంలా నడుస్తూ ఉంటుంది. రెండు గళ్లు కలిసి పెద్దదయినా, మూడు కలిసి వెడల్పయినా, అడుగున తొమ్మిది లెక్క కంటికి తెలుస్తూనే ఉంటుంది.

పుస్తకంలోకి పాటలు వచ్చే తీరు ఇంకా ముఖ్యం. ప్రతి అధ్యాయం పేరూ ఎక్కడినుంచో తెచ్చిన మాట. బైబిల్, షెల్లీ, నీషే, ఐన్‌స్టీన్ ఇలా చాలా చోట్ల నుంచి తెచ్చారు. 12లో నాలుగు అధ్యాయాల పేర్లు పాటల నుంచి వచ్చాయి: మొదటిది, పదోది బాబ్ డిలన్ నుంచి, రెండోది ఎల్విస్ కాస్టెల్లో నుంచి, చివరిది జాన్ కేల్ నుంచి. అధ్యాయం మొదట్లో కనిపించేది ఆ మాటలో ఒక ముక్క మాత్రమే. దాని అర్థం అప్పుడు అందదు. అధ్యాయం చివరి గడి దగ్గర ఆ వాక్యం పూర్తిగా కనిపిస్తుంది, అప్పుడు అంతదాకా చదివిందంతా ఒక్కసారి వెనక్కి తిరిగి వెలుగుతుంది. పాట కథ వెంట నడవడం లేదు. కథ ముగిశాక వచ్చి తలుపు గడియ వేస్తోంది. పాటను కామిక్‌లో ఎలా వాడాలో మూర్, గిబ్బన్స్ ఇలా ముందే చూపించారు. మిక్స్ చేసేవాళ్లు ఇంకెక్కడో వెతకాల్సిన పని లేదు.

అయినా ఈ పుస్తకానికి అన్నిటికంటే పెద్ద ఖర్చుతో జరిగిన పాటల కూర్పు సరిగ్గా దీనికి ఎదురు దిక్కులో నడిచింది. జాక్ స్నైడర్ 2009లో తీసిన సినిమాలో పదో అధ్యాయం తాలూకు డిలన్ పాట ‘ఆల్ ఎలాంగ్ ద వాచ్‌టవర్’ జిమీ హెండ్రిక్స్ పాడిన రూపంలో వినిపిస్తుంది. ఇద్దరు వీరులు మంచు ఖండానికి చేరుతుండగా మోగుతుంది. పాటలో ఎవరో వస్తున్నారు, తెర మీదా ఎవరో వస్తున్నారు. పుస్తకంలో చివరిదాకా దాచిన ముడిని ఇక్కడ బొమ్మ మీద అతికించిన చీటీ చేశారు. గుడ్లగూబ ఆకారపు విమానంలో ప్రేమ సన్నివేశానికి లియొనార్డ్ కోహెన్ ‘హల్లెలూయా’ పెట్టారు. ఆ పాట అప్పటికే ఎన్నో సినిమాల్లో, టీవీ సీరియళ్లలో మోగి, వినగానే ఎలాంటి భావం కలగాలో ముందే నిర్ణయమైపోయిన పాట. ఆ సన్నివేశంలోని అలిసిపోయిన ఇద్దరి తడబాటుకు ఇంకేం చోటు మిగలలేదు. మూడ్ సరిపోవడమే కొలత అయితే ఈ ఎంపికలు తప్పు కావు. ఆ కొలతే చాలదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అదే సినిమాలో సరిగ్గా కుదిరిన చోటు కూడా ఉంది, దాన్ని గౌరవంగా చెప్పుకోవాలి. డాక్టర్ మాన్‌హటన్ అనే పాత్ర గతాన్ని చూపే భాగానికి ఫిలిప్ గ్లాస్ సంగీతం వాడారు. ‘కొయానిస్కాట్సి’ అనే 1982 నాటి డాక్యుమెంటరీకి గ్లాస్ కట్టిన సంగీతం అది. ఇది ఎందుకు కుదిరిందో తెలియాలంటే నాలుగో అధ్యాయం చూడాలి. అంగారక గ్రహం మీద ఒంటరిగా ఉన్న మాన్‌హటన్ చేతిలో ఒక ఫొటో ఉంటుంది. అతనికి కాలం వరసగా నడవదు. తండ్రి గడియారపు ముక్కల్ని కిటికీలోంచి పారేసిన 1945, ప్రయోగశాలలో ప్రమాదం జరిగిన 1959, ఫొటో ఇసుకలో పడి ఉన్న 1985, అన్నీ అతనికి ఇప్పుడే జరుగుతున్నాయి. గళ్లు ఒకే కొలతతో ఒకదాని పక్కన ఒకటి నిలబడి, నలభై ఏళ్లను ఒకే పేజీలో ఉంచుతాయి. గ్లాస్ సంగీతంలోనూ చిన్న స్వర సముదాయం ఒకటి మళ్లీ మళ్లీ వస్తుంది. ఒక స్వరం పెరుగుతుంది, ఒకటి తగ్గుతుంది, ముందుకు వెళ్తున్నట్టూ అక్కడే ఉన్నట్టూ ఉంటుంది. ఇక్కడ సంగీతం విషాదాన్నో ఒంటరితనాన్నో పోలలేదు. తొమ్మిది గళ్ల పేజీ కట్టుబడిని పోలింది, దానితోపాటు విషాదం దానంతట అదే వచ్చింది.

ఐదో అధ్యాయం ఇంకా స్పష్టమైన పాఠం చెబుతుంది. దాని 28 పేజీలను అద్దంలో ప్రతిబింబంలా పేర్చారు. మొదటి పేజీ గళ్ల అమరిక చివరి పేజీలో తిరగబడి వస్తుంది, రెండోది చివరి నుంచి రెండోదానిలో, అలా 14, 15 పేజీల దగ్గర రెండు సగాలూ ఎదురెదురుగా నిలబడతాయి. ఏ పాట ఈ అధ్యాయం మూడ్‌కు సరిపోతుంది అన్న ప్రశ్నకు ఇక్కడ విలువే లేదు, ఎందుకంటే ఏ ఒక్క పాటా అద్దం కాలేదు. వరస మాత్రమే కాగలదు. తెలుగు ఊళ్లలో పాటల పేర్లు కాగితం మీద రాసి క్యాసెట్ షాపులో ఇచ్చి, ఖాళీ క్యాసెట్‌లో రికార్డు చేయించుకున్న తరానికి ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది. 60 నిమిషాల క్యాసెట్‌కు వైపుకు 30, 90 నిమిషాల దానికి 45. ఎ సైడ్ ఆఖరి పాట మధ్యలో తెగిపోకూడదు, బి సైడ్ మొదటి పాట క్యాసెట్ తిప్పిన చేతికి జవాబు చెప్పాలి. ఆ తిప్పడమే పుస్తకం నడిమి పేజీలకు సమానం.

కనుక ఆ అధ్యాయానికి మిక్స్ కట్టేవాళ్లు ఒకే పాటకు రెండు గొంతులు వెతకాలి. డిలన్ 1967లో గిటారు, హార్మోనికాతో పొడిగా పాడిన ‘ఆల్ ఎలాంగ్ ద వాచ్‌టవర్’ ఎ సైడ్‌లో రెండో పాట అయితే, హెండ్రిక్స్ 1968లో తుపానులా వాయించిన అదే పాట బి సైడ్‌లో చివరి నుంచి రెండోది కావాలి. పుస్తకంలో ఒక కుర్రాడు పత్రికల దుకాణం పక్కన కూర్చుని చదివే సముద్రపు దొంగల కామిక్‌లోని నల్ల ఓడ, బ్రెక్ట్, వైల్ కలిసి 1928లో ప్రదర్శించిన ‘త్రీపెన్నీ ఒపేరా’లోని ‘పైరేట్ జెన్నీ’ పాట నుంచి వచ్చింది. దానికీ రెండు గొంతులున్నాయి: జర్మన్‌లో లొట్టె లెన్యా, ఇంగ్లీషులో 1964 నాటి నీనా సిమోన్. లెన్యా గొంతులో హోటల్ పనిపిల్ల పగటికల వినిపిస్తుంది. సిమోన్ గొంతులో అదే కల నల్లజాతి ఆడమనిషి తీర్పవుతుంది. అద్దంలో బొమ్మ అదే ఉంటుంది, కుడి మాత్రం ఎడమ అవుతుంది. ఇలా కట్టిన వరసను షఫుల్‌లో పెట్టి వింటే అందులో ఏమీ మిగలదు. నవల అధ్యాయాల్ని కలిపేసి చదివితే ఏమవుతుందో ఇక్కడా అంతే.

రెండో సాధారణ అభిప్రాయం కొంత మర్యాదైనది: పుస్తకంలో పేరున్న పాటలన్నీ చేరిస్తే చాలు, అది రచయిత మనసుకు విధేయంగా ఉంటుంది. ఇదీ నిలవదు. ఏడో అధ్యాయంలో మంటల్లో చిక్కుకున్న వాళ్లను రక్షిస్తుండగా ఆ గుడ్లగూబ విమానంలో బిల్లీ హాలిడే పాడిన ‘యూ ఆర్ మై థ్రిల్’ మోగుతుంది. అది విమానం నడిపే పాత్ర పెట్టుకున్న పాట. ఆపదను జాజ్ పాటతో కప్పుకునే అతని స్వభావం దాంట్లో ఉంది. పదకొండో అధ్యాయం చివర ఇచ్చిన ఇంటర్వ్యూలో వైట్ అనే పాత్ర జాన్ కేజ్, టెరీ రైలీ వంటివాళ్ల సంగీతం ఇష్టమంటాడు. అది ప్రపంచాన్ని ప్రయోగశాలగా చూసే మనిషి అభిరుచి. ఈ పాటలు పాత్రల మాటలవంటివి. సంభాషణలన్నీ ఏరి ఒకచోట రాస్తే అది కథ మీద వ్యాఖ్య కాదు కదా.

మూడ్ వాదం పూర్తిగా కూలిపోయే చోటు చివరి అధ్యాయం మొదట్లో ఉంది. పదకొండు సంచికలపాటు తొమ్మిది గళ్ల తాళం నడిచాక, పన్నెండోది వరసగా ఆరు పూర్తి పేజీ బొమ్మలతో తెరుచుకుంటుంది. న్యూయార్క్ వీధుల్లో శవాలు. మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పేల్ హార్స్ అనే కల్పిత రాక్ బృందం కచేరీకి వచ్చినవాళ్లు అక్కడే పడిపోయి ఉన్నారు. ఇది పుస్తకంలోకెల్లా భయంకరమైన చోటు కాబట్టి ఇక్కడ అన్నిటికంటే పెద్ద చప్పుడు పెట్టాలని అలవాటు చెబుతుంది. బొమ్మలు వేరే చెబుతున్నాయి. ఇంతకాలం చిన్న గళ్లలో చప్పుడు చేసిన నగరం నోరు మూసుకుంది, కచేరీ కూడా చచ్చిపోయింది. ఇక్కడ మిక్స్‌లో ఉండాల్సింది నిశ్శబ్దమే. మామూలు విరామం కన్నా బాగా ఎక్కువసేపు, ఫోన్ ఆగిపోయిందేమో అని చూసుకునేంతసేపు ఉండాలి. ఒక పాట చివర మెల్లగా తగ్గుతుండగానే ఇంకో పాటను ఎత్తుకునే అమరిక ప్లేలిస్ట్ యాప్‌లలో ఉంటుంది. దాన్ని ఇలాంటి పుస్తకాలకు తప్పకుండా ఆపేయాలి, ఎందుకంటే గళ్ల మధ్య ఖాళీని అది తుడిచేస్తుంది.

వేరే పుస్తకాలూ ఇదే చెబుతాయి. కత్సుహిరో ఒటోమో మాంగా ‘అకీరా’ కథ 2019 నాటి నియో టోక్యోలో జరుగుతుంది. 1988లో దాన్ని సినిమాగా తీసినప్పుడు గెయినో యమాషిరోగుమి బృందం భవిష్యత్తుకు సింథసైజర్ చాలనుకోలేదు. బాలి ద్వీపపు గామెలాన్ వాద్యాలను, జపాన్ నో నాటకపు గానాన్ని తెచ్చింది. నాశనమైన నగరం కింద కదిలే పాత దైవభయం ఆ పుస్తకం అసలు పునాది. సంగీతం ఆ పునాదిని పట్టుకుంది. బ్యాండ్ కథ చెప్పే హరోల్డ్ సకుయిషి మాంగా ‘బెక్’ను 2010లో సినిమాగా తీసినవాళ్లు, నాయకుడు పాడేచోట అతని గొంతును వినిపించనే లేదు. తప్పించుకున్నారని చాలామంది విమర్శించారు. కానీ ఆ మాంగాలో అతని గొంతు గొప్పదనం అంతా వినేవాళ్ల ముఖాల్లో కనిపిస్తుంది. ఆ ముఖాలకు సరితూగే అసలు గొంతు ఏదీ లేదు. ‘బెక్’కు మిక్స్ చేసేవాళ్లు కూడా వాద్యసంగీతంతో సరిపెట్టుకుని, పాట ఉండాల్సిన చోటును ఖాళీగా ఉంచడమే న్యాయం.

బొమ్మకూ రాగానికీ ముడి వేయడం ఈ దేశానికి కొత్త కాదు. 16, 17 శతాబ్దాల్లో దక్కన్‌లోనూ రాజస్థాన్‌లోనూ చిత్రకారులు రాగమాల చిత్రాలు వేశారు. రాగం విని కలిగిన మూడ్‌ను వాళ్లు నేరుగా రంగుల్లో పోయలేదు. రాగానికీ చిత్రానికీ మధ్య ధ్యాన శ్లోకం ఉంది. రాగం ఏ రూపంలో కూర్చుంటుంది, ఏ వేళది, ఏ రుతువుది అని అది చెబుతుంది. కామిక్ నుంచి పాటకు వెళ్లేటప్పుడు ఆ శ్లోకం స్థానంలో ఉండాల్సింది పేజీ కట్టుబడి: ఎన్ని గళ్లు, ఎక్కడ మలుపు, ఏ బొమ్మ ఎన్నోసారి తిరిగొస్తోంది.

ఇంత లెక్క పెడితే సరదా పోతుందని ఒక అభ్యంతరం వస్తుంది. ఇష్టమైన పుస్తకాన్ని పదోసారి చదివేవాళ్లు ఈ లెక్కలు ఎలాగూ చూస్తూనే ఉంటారు. వాళ్లు ఆ పుస్తకాన్ని ప్రేమించడంలో ఎక్కువ భాగం ఆ చూడటమే. మిక్స్ ఆ ప్రేమకు రూపం ఇవ్వాలంటే ఆ చూసినదాన్నే వినిపించాలి.

‘వాచ్‌మెన్’ మిక్స్‌కు ముగింపు కూడా పుస్తకంలోనే ఉంది. మొదటి గడిలో వీధి కాలువలో నెత్తురు చుక్క పడిన నవ్వు ముఖం బిళ్ల. చివరి పేజీలో ఒక పత్రిక కార్యాలయ ఉద్యోగి చొక్కా మీద అదే నవ్వు ముఖం, దాని మీద సాస్ మరక. అతని చెయ్యి ఒక డైరీ వైపు చాచి ఉంటుంది, తీసుకుంటాడో లేదో తెలియదు. కనుక చివరి అధ్యాయానికి మాట అరువిచ్చిన కేల్ పాట ‘శానిటీస్’, 1982 నాటి రికార్డింగు, పూర్తిగా మోగాలి. దాని తర్వాత చిన్న ఖాళీ. ఆ పైన, మొదటి అధ్యాయానికి పేరిచ్చి మిక్స్‌లో అన్నిటికంటే ముందు వచ్చిన డిలన్ పాట ‘డెసొలేషన్ రో’ గిటారు మళ్లీ ఎత్తుకోవాలి. గొంతు మొదలవకముందే టేపు ఆగాలి.